కాపరులు పోయిన ముప్ఫై ఊళ్లు

1768 మధ్యలో దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఎయిరిస్ గవర్నరు ఫ్రాన్సిస్కో బుకరెలి సైనికులను వెంటబెట్టుకుని ఉరుగ్వే నది ఎగువకు బయలుదేరాడు. ఆయన దగ్గర స్పెయిన్ రాజు మూడవ కార్లోస్ ఉత్తర్వు ఉంది. ముందటి ఏడాది ఫిబ్రవరి 27న దాని మీద సంతకం పడింది. యేసుసభ గురువులు, అంటే జెసూట్లు, స్పెయిన్ ఏలుబడిలో ఉన్న నేలంతా విడిచిపోవాలన్నది అందులోని ఆజ్ఞ. కారణమేమిటో మాత్రం రాజు చెప్పలేదు. అది తన మనసులోనే ఉంచుకుంటున్నానని రాయించాడు.

యపెయు అనే ఊరితో మొదలుపెట్టి గవర్నరు ఒక్కో ఊరే చుట్టుకుంటూ పోయాడు. గువరానీ అనే ఆదివాసీ జనం ఉండే ఆ ముప్ఫై ఊళ్లలో ఉన్న గురువులు మొత్తం కలిపి ఎనభై మంది లోపే. వాళ్లలో ముసలివాళ్లున్నారు, జబ్బుపడ్డవాళ్లున్నారు, నలభై ఏళ్లుగా గువరానీ భాష తప్ప మరోటి పెద్దగా మాట్లాడనివాళ్లున్నారు. అందరినీ పోగుచేసి నది మీదుగా దిగువకు పంపేశారు. ఆగస్టు గడిచేసరికి పని ముగిసింది. ఎక్కడా తుపాకీ పేలలేదు, ఎవరూ ఎదురు తిరగలేదు. పన్నెండేళ్ల కిందట రెండు రాజ్యాల సైన్యాలకు ఎదురొడ్డి నిలబడ్డ జనం ఈసారి తమ గురువులు పోతుంటే చూస్తూ ఉండిపోయారు.

ఆ ముప్ఫై ఊళ్లలో అప్పటికి 88,000 మందికి పైగా ఉన్నారు. వాళ్ల ఊళ్లు ఎలా లేచాయో, ఎలా కూలాయో చెప్పే గాథ ఇది.

మొదట్లో ఆ అడవుల్లోకి విశ్వాసం ఒంటరిగా రాలేదు. ఒకవైపు స్పెయిన్ దొరలు గువరానీలను పంచుకుని వెట్టిచాకిరీ చేయించుకునేవారు. మరోవైపు పోర్చుగీసు వారి సావో పావులో నుంచి బానిసల వేటగాళ్లు గుంపులుగా వచ్చి ఊళ్లకు ఊళ్లనే తాళ్లతో కట్టి తోలుకుపోయేవారు. ఈ రెండింటి మధ్య 1609 చివర్లో శాన్ ఇగ్నాసియో గువాసు అనే చోట జెసూట్లు తొలి ఊరు కట్టారు. ఇక్కడికి రండి, ఎవరికీ వెట్టి చేయనక్కరలేదు, రాజుకు నేరుగా పన్ను కడితే చాలు అన్నారు. గువరానీ నాయకులు తమ జనంతో వచ్చి చేరారు. జ్ఞానస్నానం తీసుకున్నవాళ్లందరినీ సువార్త ఒక్కటే కదిలించిందంటే అబద్ధమవుతుంది. భయం తరిమింది, ఆసరా పిలిచింది. విశ్వాసం నిదానంగా వేరుపట్టింది.

వేరుపట్టే లోపే పెకిలించబోయారు. 1628 నుంచి మూడేళ్లపాటు వేటగాళ్లు గువైరా ప్రాంతంలోని ఊళ్లను వరుసగా కొల్లగొట్టారు. 1631లో అంతోనియో రూయిస్ దె మొంటోయా అనే గురువు మిగిలిన జనాన్ని, సుమారు 12,000 మందిని, ఏడు వందల తెప్పల మీద ఎక్కించి పరానా నది వెంట దక్షిణానికి నడిపించాడు. దారిలో మహా జలపాతం అడ్డొచ్చింది. ఖాళీ తెప్పలను నీళ్లలోకి వదిలి చూస్తే రాళ్లకు కొట్టుకుని తునాతునకలయ్యాయి. ఇక పిల్లలను, ముసలివాళ్లను, సామాన్లను మోసుకుంటూ ఆ గట్ల వెంట రోజుల తరబడి నడిచారు. ఆకలికి, జ్వరాలకు రాలిపోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లు దిగువన కొత్త ఊళ్లు కట్టుకున్నారు. ఆ జలపాతం ఇప్పుడు లేదు. 1982లో ఇతైపు డ్యాం నీళ్లలో మునిగిపోయింది.

ప్రార్థన ఒక్కటే చాలదని మొంటోయాకు అర్థమైంది. మాడ్రిడ్‌కు వెళ్లి, గువరానీల చేతికి తుపాకులివ్వమని రాజును అడిగాడు. 1641 మార్చిలో ఎంబొరొరె వాగు దగ్గర ఇగ్నాసియో అబియారు అనే గువరానీ నాయకుడి వెంట జనం వేటగాళ్ల దండును చిత్తుగా ఓడించారు. గువరానీల ఫిరంగులేమిటో తెలుసా? లావుపాటి వెదురు గొట్టాలకు పచ్చి ఆవుతోలు బిగించి చుట్టినవి. నాలుగైదు సార్లు పేలితే చీలిపోతాయి. ఆ రోజుకు అవి సరిపోయాయి. ఆ తర్వాత వేటగాళ్ల ఉధృతి తగ్గింది. 1652లో లిమా నగరంలో మొంటోయా కన్నుమూస్తే, గువరానీలు అంత దూరం వెళ్లి ఆయన అస్థికలను తమ లొరెతో ఊరికి మోసుకొచ్చుకున్నారు. ఆ గురువుకీ ఆ జనానికీ మధ్య ఉన్న బంధం అలాంటిది.

తర్వాతి వందేళ్లలో ముప్ఫై ఊళ్లు నిలబడ్డాయి. ఏ ఊరు చూసినా ఒకటే నమూనా. నడుమ విశాలమైన మైదానం. దానికి ఒకవైపు గుడి. గుడికి ఒక పక్క గురువుల ఇల్లు, పనిశాలలు. మరో పక్క సమాధుల తోట. విధవలకు, అనాథలకు వేరే పెద్ద ఇల్లు. మిగతా మూడు వైపులా జనం ఉండే పొడుగాటి ఇళ్ల వరుసలు. తెల్లవారుజామున గంట మోగేది. దివ్యబలి పూజ అయ్యాక రైతుల పాలక పునీతుడు ఇసిదోరు స్వరూపాన్ని ఎత్తుకుని, పిల్లనగ్రోవులు, డప్పులు వాయించుకుంటూ పొలానికి నడిచేవారు. పొలాలు రెండు రకాలు. ప్రతి కుటుంబానికీ సొంత చెక్క ఒకటి, అందరూ కలిసి దున్నే దేవుడి పొలం ఒకటి. ఆ ఉమ్మడి పంటలోంచే విధవలకు, రోగులకు, వచ్చే ఏటి విత్తనానికి, కరువు రోజులకు తీసిపెట్టేవారు. టీలా కాచుకుని తాగే మాటే ఆకును ఎండబెట్టి పడవల మీద సాంతా ఫే, బ్యూనస్ ఎయిరిస్‌లకు పంపి, ఆ డబ్బుతో వయసొచ్చిన మగవాడికి ఏడాదికో పెసో చొప్పున రాజుకు పన్ను కట్టేవారు.

పనిశాలల్లో గువరానీలు హార్పులు, వయొలిన్లు, ఆర్గాన్లు చేశారు. రోమ్‌లో ఆర్గాన్ వాయించిన దొమెనికో జిపోలి 1717లో కొర్దొబాకు చేరి, 1726లో అక్కడే చనిపోయాడు. ఆయన కట్టిన పూజా సంగీతాన్ని అడవి ఊళ్ల గాయక బృందాలు పాడాయి. టిరోల్ నుంచి వచ్చిన అంతోన్ సెప్ అనే గురువు స్థానిక రాయి నుంచి ఇనుము కరిగించడం కూడా నేర్పాడు. ఆ ప్రాంతం మొత్తంలో తొలి అచ్చుయంత్రం నడిచింది రాజధానుల్లో కాదు, ఈ ఊళ్లలోనే. గువరానీ కళాకారులు అక్షరాలు పోతపోసుకుని, చెక్కి, 1705లో తమ భాషలో బొమ్మల పుస్తకం అచ్చు వేశారు.

ఆ అచ్చుయంత్రం మీద వచ్చిన పుస్తకాల్లో రెండింటిని రాసింది నికొలాస్ యపుగువై అనే గువరానీ పెద్దమనిషి. 1724లో సత్యోపదేశ వివరణ, 1727లో ప్రసంగాల సంపుటి. ఆయన సంగీతం తెలిసినవాడు, తన ఊళ్లో నాయకుడు. గువరానీ భాషలో ఆయనంత చక్కగా రాసేవారు లేరని గురువులే మెచ్చుకున్నారు. ఆయన రాసిన ప్రసంగాలను గుడిలో చదివి వినిపించడానికి మాత్రం ఐరోపా నుంచి సముద్రం దాటి వచ్చిన గురువు కావాలి. యపుగువైకి బలిపీఠం ముందు నిలబడే అర్హత లేదు. ఆయనొక్కడికే కాదు. సుమారు నూట అరవై ఏళ్లలో ఆ ముప్ఫై ఊళ్ల నుంచి ఒక్క గువరానీనీ గురువుగా అభిషేకించలేదు.

ఈ గాథలో పగులు ఇక్కడుంది. ప్రతి ఊరికీ ఊరి సభ ఉండేది. ప్రతి కొత్త సంవత్సరం రోజున ఊరిపెద్దకు, న్యాయం చెప్పేవారికి, సభ్యులకు గుడి ముందు అధికార దండాలు అందించేవారు. ఆ కర్ర పట్టుకుని నడవడం గొప్ప గౌరవం. వంశపారంపర్య నాయకుల మాటకు వాళ్ల జనంలో విలువుండేది. యుద్ధం వస్తే దండు నడిపేదీ వాళ్లే. అయినా ఆఖరి మాట గురువుదే. లెక్కల పుస్తకం గురువు దగ్గర, గిడ్డంగి తాళం గురువు దగ్గర, బయటి ఊళ్లతో బేరం గురువు ద్వారా. తప్పు చేసినవాడికి కొరడా దెబ్బలు పడేవి, అదీ ఆయన తీర్పే. జనాన్ని దొరల బారిన పడకుండా కాపాడాలంటే దూరంగా ఉంచాలని గురువులు నమ్మారు. ఆ నమ్మకంలో స్వార్థం లేదు. గువరానీలు ఎప్పటికీ పిల్లలేనన్న మరో నమ్మకం దాని వెనకే వచ్చింది. పిల్లలను ప్రేమించవచ్చు, పిల్లలకు పగ్గాలు ఇవ్వరు.

1732లో ఈ ఊళ్ల జనాభా 1,41,000 దాటింది. ఆ మరుసటి ఏటి నుంచి మశూచి, ఇతర అంటురోగాలు, కరువు వరుసగా విరుచుకుపడ్డాయి. 1740 నాటికి దాదాపు సగం మంది మిగిలారు. సమాధుల తోటలు చాలలేదు. ఆ దుఃఖంలోంచి తేరుకుంటూ ఉండగానే, వేల మైళ్ల దూరంలో ఇద్దరు రాజులు పటం పరిచి గీత గీశారు.

1750 జనవరి 13 నాటి మాడ్రిడ్ ఒప్పందం అది. నదీముఖం దగ్గర పోర్చుగీసుల చేతిలో ఉన్న కొలొనియా అనే కోటను స్పెయిన్ తీసుకుంటుంది, బదులుగా ఉరుగ్వే నదికి తూర్పున ఉన్న ఏడు గువరానీ ఊళ్ల నేలను పోర్చుగల్‌కు ఇస్తుంది. ఆ ఊళ్లలోని సుమారు 30,000 మంది తమ సామాన్లు, పశువులు తీసుకుని నది దాటి పోవాలి. ఇళ్లు, గుడులు, మాటే తోటలు, పొలాలు వదిలెయ్యాలి. పరిహారంగా ఊరికి 4,000 పెసోలు. శాన్ మిగెల్ ఊళ్లో పదేళ్లపాటు రాయి మీద రాయి పేర్చి కట్టుకున్న పెద్ద గుడి ఒక్కటే అంతకన్నా ఎన్నో రెట్లు విలువైంది. పైగా ఆ నేల దక్కేది ఎవరికి? తమ తాతలను తాళ్లతో కట్టి తోలుకుపోయినవాళ్లకే. కొలొనియా కోట కోసం స్పెయిన్ పక్షాన 1680లోనూ, 1705లోనూ పోరాడి ప్రాణాలిచ్చింది ఈ గువరానీలే.

రోమ్‌లోని యేసుసభ అధిపతి, రాజాజ్ఞకు లోబడమని తన గురువులకు కబురు పంపాడు. గురువులు విధేయతా ప్రమాణం చేసినవాళ్లు. గుండె కోసుకుపోతున్నా జనానికి బయలుదేరమని చెప్పారు. కొన్ని కుటుంబాలు బండ్లు కట్టి సగం దారి వెళ్లి వెనక్కొచ్చేశాయి. ఊళ్లలో మాట మారింది. గురువులే మనల్ని అమ్మేశారా అన్న అనుమానం పుట్టింది. పనిని తొందరపెట్టడానికి వచ్చిన జెసూట్ ప్రతినిధి అల్తమిరానోను వేషం మార్చుకొచ్చిన పోర్చుగీసువాడని జనం నమ్మారు. ఆయన ప్రాణభయంతో పారిపోయాడు.

1753లో ఆ ఊళ్ల సభలు గవర్నరుకు తమ భాషలోనే ఉత్తరాలు రాశాయి. ఈ నేల దేవుడు మాకిచ్చాడు, మా తాతలు ఇక్కడ చెమటోడ్చారు, రాజు మమ్మల్ని కాపాడతానని మాట ఇచ్చాడు, మేం చేసిన తప్పేమిటి అన్నది వాటి సారం. రాజు ఇలాంటి ఆజ్ఞ ఇచ్చి ఉండడనీ, మధ్యలో ఎవరో మోసం చేస్తున్నారనీ కూడా అన్నారు. ఇవి గురువు చెప్పగా రాసుకున్న మాటలు కావు. గురువు వద్దంటే రాసిన మాటలు. నూట నలభై ఏళ్లు విన్న సువార్తను వాళ్లు మొదటిసారి తమ నోటితో రాజ్యానికి తిరిగి వినిపించారు. ఒకే దేవుడు రాజుకూ మాకూ తీర్పరి అయినప్పుడు, రాజు మాట తప్పితే ఆ దేవుడి ముందు దోషి ఎవరన్నది వాళ్లు వేసిన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ఫిరంగులు వచ్చాయి.

1756 ఫిబ్రవరిలో స్పెయిన్, పోర్చుగల్ సైన్యాలు కలిసి వచ్చాయి. శాన్ మిగెల్ ఊరి నాయకుడు సెపె తియరాజు 7వ తేదీన ఒక చిన్న పోరులో చనిపోయాడు. మూడు రోజుల తర్వాత కైబొఅతే మెట్ట మీద, కొన్సెప్సియోన్ ఊరిపెద్ద నికొలాస్ న్యెంగిరు వెంట జనం కందకాలు తవ్వుకుని నిలబడ్డారు. వాళ్ల చేతుల్లో విల్లులు, బల్లేలు, వెదురుకు తోలు చుట్టిన అవే ఫిరంగులు. నూట పదిహేనేళ్ల కిందట గెలిపించిన ఆయుధం ఈసారి ఎందుకూ పనికిరాలేదు. గంటకు కాస్త అటూ ఇటూగా పోరు ముగిసింది. 1,511 మంది గువరానీలు నేలకొరిగారు. అటువైపు చచ్చినవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మేలో సైన్యం శాన్ మిగెల్ గుడి ముందు గుడారాలు వేసింది.

ఇంత జరిగాక 1761లో రెండు రాజ్యాలూ ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకున్నాయి. ఏడు ఊళ్లూ మళ్లీ స్పెయిన్‌వే అయ్యాయి. జనం తిరిగొచ్చి పాడుపడ్డ ఇళ్లకు కప్పులు వేసుకున్నారు. కైబొఅతే చావులకు ఎవరికీ ఏ ప్రయోజనమూ మిగలలేదు.

ఐరోపాలో ఈలోగా ఇంకో కథ అల్లారు. పరాగ్వేలో జెసూట్లు సొంత రాజ్యం స్థాపించారనీ, న్యెంగిరుకు మొదటి నికొలాస్ అని కిరీటం పెట్టారనీ పుస్తకాలు అచ్చయ్యాయి. నిజానికి గురువులు ఆ పోరును ఆపలేకపోయినవాళ్లు. వాళ్లను దాటి జనం తమంతట తాము నిలబడ్డారు. గువరానీలు సొంతంగా ఆలోచించగలరంటే నమ్మడం శత్రువులకు కుదరలేదు, మిత్రులకూ కుదరలేదు. వెనక ఎవరో ఉండే ఉంటారన్నారు. ఆ కట్టుకథ జెసూట్ల మెడకు ఉచ్చుగా బిగిసింది. పోర్చుగల్ 1759లో వాళ్లను తరిమేసింది. ఫ్రాన్స్ 1764లో నిషేధించింది. 1766లో మాడ్రిడ్‌లో అల్లర్లు జరిగితే ఆ నెపమూ వాళ్ల మీదే పడింది. ఏడాది తిరక్కుండానే కార్లోస్ సంతకం పెట్టాడు.

బుకరెలి తెలివైనవాడు. సైన్యంతో వెళ్లేముందే ఊళ్ల పెద్దలను బ్యూనస్ ఎయిరిస్‌కు పిలిపించుకుని, స్పెయిన్ దుస్తులు తొడిగించి, విందు పెట్టి, మీ పిల్లలు ఇక గురువులు కూడా కావచ్చని ఆశ చూపాడు. జెసూట్లు ఎన్నడూ ఇవ్వని మాట అది. ఎవరికి ఎక్కడ లోటు ఉందో పగవాడికే ముందు కనబడింది.

ఆ సమయంలోనే, 1768 ఫిబ్రవరి 28న, శాన్ లుయిస్ ఊరి సభ ఆయనకొక ఉత్తరం రాసింది. గవర్నరు రాజుకు కానుకగా పంపడానికి కొన్ని అడవి పక్షులను అడిగి ఉన్నాడు. ఉత్తరం ఆ సంగతితోనే మొదలవుతుంది. దేవుడు సృష్టించిన అడవుల్లో అవి బతుకుతాయి, మమ్మల్ని చూస్తే ఎగిరిపోతాయి, పట్టి పంపలేకపోతున్నాం, మన్నించమన్నారు. అంత మర్యాదగా మొదలుపెట్టి అసలు మాటకు వచ్చారు. మా గురువులను మా దగ్గరే ఉండనివ్వండి. మేం బానిసలం కాము. ఎవరి బతుకు వాళ్లు చూసుకుని ఒకరినొకరు పట్టించుకోని మీ పద్ధతి మాకు నచ్చదు. ఆ పక్షులను అడిగిన చేత్తోనే గవర్నరు గురువులను పట్టుకెళ్లాడు. పట్టుబడ్డది వాళ్లే.

తర్వాత జరిగింది నెమ్మదిగా జరిగింది. ప్రతి ఊరికీ ఒక అధికారిని, వేరే సభలకు చెందిన ఒక గురువును పెట్టారు. గిడ్డంగి ఒకరిది, గుడి మరొకరిది. చాలామందికి గువరానీ రాదు. వాళ్లలో వాళ్లకే పడేది కాదు. పశువుల మందలు కరిగిపోయాయి, మాటే తోటలు పాడుపడ్డాయి, దేవుడి పొలంలో పండింది ఎటో పోయింది. వడ్రంగులు, సంగీతగాళ్లు, నేతగాళ్లు పని వెతుక్కుంటూ బ్యూనస్ ఎయిరిస్‌కు, కొర్రియెంతెస్‌కు వెళ్లిపోయారు. 1801 నాటికి జనాభా మళ్లీ సగానికి పడింది. అదే ఏడు పోర్చుగీసువాళ్లు తూర్పున ఉన్న ఏడు ఊళ్లను ఆక్రమించుకున్నారు, ఈసారి ఎదురే లేదు. 1817లో వాళ్ల సేనాని చాగాస్ పడమటి గట్టు ఊళ్లను తగలబెట్టాడు. పరాగ్వేలో మిగిలిన ఊళ్ల ఉమ్మడి ఆస్తిని 1848లో ఆ దేశ ప్రభుత్వమే స్వాధీనం చేసుకుంది. గురువులు పోయేనాటికి సగంలో ఉన్న హెసూస్ ఊరి గుడి ఇప్పటికీ కప్పు లేకుండానే నిలబడి ఉంది.

ఈ గాథ సెగ తెలుగు నేలకూ తగిలింది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి జెసూట్లు పుంగనూరు వైపు వచ్చి తెలుగులో సత్యోపదేశం చెప్పారు. ఐరోపా రాజుల ఒత్తిడికి లొంగి 1773లో పోపు పద్నాలుగో క్లెమెంట్ యేసుసభనే రద్దు చేసినప్పుడు ఇక్కడి సంఘాల గురువులకూ దిక్కులేకుండా పోయింది. ఆ పని చివరికి పారిస్ విదేశీ మిషన్ సభ చేతికి మారింది. ఎక్కడో రాజదర్బారులో కదిలిన కలం ఎంత దూరం కోస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ముప్ఫై ఊళ్లు కూలడానికి విశ్వాసం కారణమనేవారున్నారు. ఆ విశ్వాసం లేకపోతే ఆ ఊళ్లు పుట్టేవే కావు. చెదిరిన గుంపులను అది ఒక్క గంట శబ్దం కిందికి తెచ్చింది, విధవకు ఇల్లిచ్చింది, బానిసల వేటగాడికి ఎదురు నిలిచే ధైర్యమిచ్చింది. అంతకు మించి, రాజును నిలదీసే భాషనిచ్చింది. దొరలూ, రాజులూ అదే శిలువ ముందు మోకరిల్లారు, కానీ దాని బరువు గువరానీల భుజం మీదే పడింది.

గురువులు చేయాల్సిన ఒక్క పని చేయలేదు. తాళం అప్పగించలేదు. అప్పగించడానికి మనుషులు లేక కాదు. అబియారు దండు నడిపాడు. యపుగువై ప్రసంగాలు రాశాడు. ఏడు ఊళ్ల సభలు రాజుతో ధర్మం మాట్లాడాయి. గురువులు వెళ్లిపోయిన యాభై ఏళ్లలోపే, ఆండ్రెస్ గువకురారి అనే గువరానీ 1815 నుంచి 1819 దాకా ఆ మిసియోనెస్ ప్రాంతాన్ని పాలించి, పోర్చుగీసులతో పోరాడి చెరలో పడ్డాడు. పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్లయ్యారు, ఒప్పుకోవలసినవాళ్లు ఒప్పుకోలేదు. ముప్ఫై ఊళ్లను కూల్చింది ఒక రాజు సంతకం. ఆ ఒక్క సంతకానికే కూలిపోయేలా వాటిని నిలబెట్టింది మాత్రం వాళ్లను ప్రాణంగా ప్రేమించినవాళ్లే.